నదిలో పూడిక మోడల్‌ను నమ్మే ముందు ఎలా పరీక్షించాలి

పేపర్లో రోజూ వచ్చే జలాశయాల పట్టిక చూడండి. శ్రీశైలం పూర్తి నిల్వ 215.81 టీఎంసీలని ఉంటుంది. డ్యామ్ కట్టిన కొత్తలో అది 308. నాగార్జునసాగర్ 408 నుంచి 312కి వచ్చింది. శ్రీరామసాగర్ 112 నుంచి 80.5కి తగ్గింది. ఈ పోయిన చోటంతా నది మోసుకొచ్చిన ఇసుక, ఒండ్రు, బంకమట్టి ఆక్రమించింది. "ఇంకో ముప్పై ఏళ్లకు ఎంత పూడుతుంది? ఇక్కడ ఇసుక తవ్వితే పైన వంతెనకు ఏమవుతుంది? ఈ కరకట్ట పక్కన నది అడుగు ఎంత లేస్తుంది?" అని ఎవరైనా అడిగితే ఈ రోజుల్లో మనం తెరిచేది నదిలో నీటి, ఇసుక కదలికను లెక్కించే హెక్-రాస్ లాంటి కంప్యూటర్ మోడల్‌నే. అది ఒక గీత గీసి చూపిస్తుంది. ఆ గీతను నమ్మి కోట్ల రూపాయల పనులు మొదలవుతాయి, ఊళ్లు ఉంటాయి, పోతాయి.

ఎంటెక్ ప్రాజెక్టు చేస్తున్నవారికి, నీటిపారుదల శాఖలో కొత్తగా చేరిన ఏఈలకు (అసిస్టెంట్ ఇంజనీర్లకు), కన్సల్టెన్సీల్లో ఈ పని నెత్తిన పడ్డ ఇంజనీర్లకు ఇది రాస్తున్నాను. మోడల్ కట్టడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. కట్టాక దాన్ని ఎలా పరీక్షించాలి, ఎక్కడ ఆపాలి అన్నదే ఇక్కడ విషయం. సెడిమెంట్ (నది మోసే ఇసుక, ఒండ్రు) మోడల్‌లో మనం మార్చుకోగల విలువలు చాలా ఉంటాయి. కాబట్టి పాత కొలతలకు సరిపోయేలా చేయడం పెద్ద కష్టం కాదు. అలా సరిపోయిన మోడల్ వచ్చే వరదలో కూడా నిజం చెబుతుందని గ్యారంటీ లేదు. అందుకని మీ సమయంలో ఎక్కువ భాగం అది ఎక్కడ తప్పుతుందో వెతకడానికే పెట్టండి.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

"నదిలో సెడిమెంట్ అధ్యయనం" అనేది ప్రశ్న కాదు. "వచ్చే 20 ఏళ్లలో ఈ 12 కిలోమీటర్ల పొడవులో నది అడుగు సగటున ఎంత లేస్తుంది, అర మీటరు తేడా వస్తే ఫర్వాలేదా?" అనేది ప్రశ్న. ఎంత తప్పును తట్టుకోగలమో ముందే రాసుకోకపోతే, చివర్లో వచ్చిన అంకె మంచిదో కాదో తేల్చడానికి మీ దగ్గర ఆధారం ఉండదు. పని ఇచ్చినవారితో కూర్చుని ఆ వాక్యం మీద ఒప్పందానికి రండి.

2. కంప్యూటర్ కంటే ముందు కాగితం మీద లెక్క

అడుగున ఉన్న రేణువు కదులుతుందా లేదా అన్నది చూడటానికి 1936లో షీల్డ్స్ ఇచ్చిన సంఖ్య ఇప్పటికీ మొదటి ఆధారం. నీటి లోతును వాలుతో గుణించండి. దాన్ని 1.65తోనూ, రేణువు వ్యాసంతోనూ భాగించండి. అన్నీ మీటర్లలో ఉండాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. లోతు 2 మీటర్లు, వాలు 0.0003. అర మిల్లీమీటరు ఇసుకకు ఈ సంఖ్య 0.73 వస్తుంది. కదలిక మొదలయ్యే హద్దు దాదాపు 0.05 దగ్గర ఉంటుంది కాబట్టి ఇసుక బాగా కదులుతోంది. అదే చోట 10 మి.మీ. గులకరాయికి 0.036 వస్తుంది, అది కదలదు. వరదలో లోతు 4 మీటర్లయితే అదే గులకరాయికి 0.073 వస్తుంది, అప్పుడు కదులుతుంది. మీ మోడల్ 2 మీటర్ల లోతులోనే 10 మి.మీ. రాళ్లను టన్నుల కొద్దీ మోస్తున్నట్టు చూపిస్తే ఎక్కడో యూనిట్లు తారుమారయ్యాయి.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఆ హద్దు ఒకే అంకె కాదు. గులకరాళ్ల నదుల్లో కొలిచిన విలువలు సుమారు 0.03 నుంచి 0.07 దాకా ఉన్నాయి. పై ఉదాహరణలోని 4 మీటర్ల వరదకే, దొర్లే రాళ్లను లెక్కించే మేయర్-పీటర్, ముల్లర్ సూత్రం వాడి, హద్దును ఒకసారి 0.03 అని, ఒకసారి 0.06 అని పెట్టి చూడండి. కదిలే రాళ్ల పరిమాణం ఆరు రెట్లు మారుతుంది. నదిలో ఏమీ మారలేదు, మీరు పెట్టిన ఒక్క అంకె మారింది. ఈ ఆరు రెట్లను మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

నీటిలో తేలుతూ పోయే వాటికి 1937 నాటి రౌస్ సంఖ్య చూడండి. రేణువు నీటిలో పడే వేగాన్ని, అడుగు రాపిడి నుంచి వచ్చే వేగానికి 0.4 రెట్లతో భాగిస్తే అది వస్తుంది. పైన చెప్పిన 4 మీటర్ల వరదలో రాపిడి వేగం సెకనుకు 0.11 మీటర్ల దాకా ఉంటుంది. 0.1 మి.మీ. సన్న ఇసుకకు రౌస్ సంఖ్య 0.2 లోపే వస్తుంది, అంటే అది పైనుంచి కిందిదాకా దాదాపు సమానంగా కలిసిపోయి నీటితోపాటే వెళ్లిపోతుంది. అర మిల్లీమీటరు ఇసుకకు 1.6 వస్తుంది, అది ఎక్కువగా అడుగుకు దగ్గరగానే ఉంటుంది. 2.5 దాటితే దొర్లుతూ పోయేదే. ఈ రెండు లెక్కలు చేస్తే మీ నదిలో ఏ సైజు రేణువులు అడుగును మారుస్తాయో, ఏవి ఊరికే దాటిపోతాయో తెలుస్తుంది. ఏ సూత్రం ఎంచుకోవాలో కూడా అప్పుడే తెలుస్తుంది.

3. ముందు నీటిని సరిచేయండి

అడుగును కదలనివ్వకుండా, కేవలం నీటి మోడల్‌ను నడిపి, గేజ్ దగ్గర కొలిచిన మట్టాలతో పోల్చండి. మట్టాలు సరిపోతే చాలదు, వేగాలు కూడా చూడండి. ఇసుక రవాణాను లెక్కించే ఎంగెలుండ్-హాన్సెన్ సూత్రంలో, రవాణా నీటి వేగపు ఐదో ఘాతంతో పెరుగుతుంది. వేగంలో 10 శాతం తప్పు ఉంటే ఇసుకలో 60 శాతం తప్పు వస్తుంది. 20 శాతం ఉంటే రెండున్నర రెట్లు. నీటి మట్టంలో ఒక అడుగు తేడాను "పర్లేదు" అని వదిలేసే అలవాటు వరద మోడళ్లలో చెల్లుతుందేమో కానీ ఇక్కడ చెల్లదు.

అడుగు నీటిని ఎంత ఆపుతుందో చెప్పే మానింగ్ గుణకం కూడా ఒకే విలువ మీద నిలవదు. మామూలు ప్రవాహంలో ఇసుక అడుగున దిబ్బలు దిబ్బలుగా ఉండి నీటిని ఆపుతుంది. పెద్ద వరదలో ఆ దిబ్బలు చెరిగి అడుగు చదునవుతుంది, గుణకం బాగా తగ్గుతుంది. తక్కువ ప్రవాహానికి, ఎక్కువ ప్రవాహానికి విడివిడిగా సరిచూడండి. ఒకే విలువతో రెండూ సరిపోతే సంతోషించే ముందు కొలతలను ఇంకోసారి చూసుకోవడం మంచిది.

4. జవాబు ముందే తెలిసిన పరీక్షలు

చాలామంది వదిలేసే మెట్టు ఇది. నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యమైనదిగా అనిపిస్తుంది, ఎందుకంటే నది కొలతల్లో ఉన్న గందరగోళమేదీ ఇక్కడ ఉండదు. మోడల్ తప్పితే తప్పు మోడల్‌దే.

మొదట కదలని అడుగు పరీక్ష. చాలా తక్కువ ప్రవాహం పెట్టి, పెద్ద రాళ్ల అడుగు పెట్టి, ఏడాదిపాటు నడపండి. అడుగు ఒక్క మిల్లీమీటరు కూడా మారకూడదు. మారితే నదిని ముక్కలు చేసిన గ్రిడ్‌లోనో, రెండు చివర్లా ఇచ్చే సరిహద్దు షరతుల్లోనో లోపం ఉంది.

తర్వాత సమతూకం. ఒకే వెడల్పు, ఒకే వాలు ఉన్న కాలువ తీసుకుని, అది ఎంత ఇసుక మోయగలదో అంతే పైనుంచి పంపండి. అడుగు అలాగే ఉండాలి. సాధారణంగా మొదటి సెక్షన్ దగ్గర గొయ్యి పడటమో, గుట్ట లేవడమో కనిపిస్తుంది. అది పైనుంచి పంపిన ఇసుకకు, మోడల్ లెక్కకు పొంతన లేదనడానికి గుర్తు. ఆ తేడాను అక్కడే సరిచేయండి. నది మీదికి వెళ్లాక అదే గుట్టను నిజమైన పూడిక అనుకునే ప్రమాదం ఉంది.

ద్రవ్యరాశి లెక్క ఎప్పుడూ చేతితోనే చేయండి. పైనుంచి వచ్చిన టన్నుల్లోంచి కిందికి పోయిన టన్నులు తీసేస్తే మిగిలినవి అడుగున చేరాలి. ఇసుక అడుగులో 40 శాతం ఖాళీ ఉంటే ఒక ఘనపు మీటరుకు దాదాపు 1.6 టన్నులు. కొత్తగా పడిన బంకమట్టి అయితే ఇందులో సగం కూడా ఉండకపోవచ్చు. అందుకే టన్నుల నుంచి టీఎంసీలకు మారేటప్పుడు ఏ సాంద్రత వాడారో రాసి పెట్టండి. జలాశయాల లెక్కల్లో చాలా గొడవలు ఈ ఒక్క అంకె దగ్గరే మొదలవుతాయి.

ఇక ప్రయోగశాల కొలతలు. రూర్కీలో సోనీ, గర్దే, రంగరాజు చేసి 1980లో ప్రచురించిన ప్రయోగాలు దీనికి చక్కగా పనికొస్తాయి. 30 మీటర్ల ఫ్లూమ్‌లో (ప్రయోగశాల కాలువలో) 0.32 మి.మీ. ఇసుక పరిచి, సమతూకం వచ్చాక పైనుంచి ఇసుకను ఒక్కసారిగా పెంచారు. అడుగు పైభాగంలో లేచి, ఆ లేపు కిందికి ఎలా పాకిందో సమయంతోపాటు నమోదు చేశారు. ప్రపంచంలో చాలా మోడళ్లను ఈ కొలతలతోనే పరీక్షించారు. మీరూ అదే చేయండి. మీ మోడల్‌లో లేపు మరీ త్వరగా కిందికి చేరిపోతే, ఆ ఇసుకకు మీరు వాడిన సూత్రం ఎక్కువ మోస్తోందని అర్థం.

ఇసుక తవ్వకం మీద పని అయితే గొయ్యి పరీక్ష తప్పనిసరి. కాలువ మధ్యలో గొయ్యి పెట్టి నడపండి. పైనుంచి వచ్చే ఇసుక గొయ్యి ఎగువ అంచున పడి, గొయ్యి మెల్లగా పూడుతూ దిగువకు జరగాలి. దాంతోపాటు గొయ్యికి ఎగువన కోత పైకి పాకాలి. ఇసుక గొయ్యిలో ఆగిపోతుంది కాబట్టి దిగువన కూడా కోత పడాలి. వంతెన స్తంభాలకు వచ్చే ముప్పు ఈ రెండు కోతల్లోంచే వస్తుంది. గొయ్యి కదలకుండా ఉన్నచోటే పూడిపోయినట్టు మీ మోడల్ చూపిస్తే, దాన్ని ఇసుక రీచ్ మీద వాడకండి.

చివరగా గ్రిడ్‌ను, టైమ్ స్టెప్‌ను సగం చేసి మళ్లీ నడపండి. జవాబు మారితే ఇంకా సగం చేయండి. మారడం ఆగేదాకా ముందుకు వెళ్లొద్దు.

5. సూత్రం ఎంచుకోవడం

హెక్-రాస్ మెనూలో అకర్స్-వైట్, ఎంగెలుండ్-హాన్సెన్, మేయర్-పీటర్ ముల్లర్, యాంగ్, టొఫాలెటి, విల్కాక్-క్రో లాంటి పేర్లు వరుసగా కనిపిస్తాయి. ప్రతిదాని వెనుక ఒక ప్రయోగశాల, ఒక రకం ఇసుక ఉన్నాయి. 1967 నాటి ఎంగెలుండ్-హాన్సెన్ సూత్రాన్ని 0.19 నుంచి 0.93 మి.మీ. ఇసుకతో సరిచూశారు. జ్యూరిచ్‌లో 1948లో తయారైన మేయర్-పీటర్ ముల్లర్ సూత్రం 0.4 నుంచి 29 మి.మీ. దాకా రేణువులు దొర్లడం గురించి, అందులో తేలుతూ పోయేదానికి చోటు లేదు. గోదావరి దిగువ ఇసుకకు దాన్ని పెడితే అసలు రవాణాలో ఎక్కువ భాగం లెక్కలోకే రాదు.

పాత సూత్రం కాబట్టి పక్కా అనుకోవడమూ పొరపాటే. 2006లో వాంగ్, పార్కర్ ఇద్దరూ మేయర్-పీటర్ ముల్లర్ వాడిన పాత కొలతలనే మళ్లీ లెక్కించారు. సూత్రంలో ఉన్న 8 అనే గుణకం 3.97 దగ్గర ఉండాలని తేలింది. యాభై ఏళ్లకు పైగా ప్రపంచమంతా వాడిన సూత్రం అది.

సూత్రాల బలం తెలియాలంటే ఈ అంకె గుర్తుంచుకోండి. 1975లో వైట్, మిల్లీ, క్రాబ్ అప్పటి సూత్రాలను పెద్ద కొలతల సేకరణ మీద పరీక్షించారు. లెక్కించిన విలువ కొలిచిన దానిలో సగానికి, రెట్టింపుకు మధ్య ఉంటే "సరిపోయింది" అన్నారు. అన్నింటికంటే బాగా వచ్చిన అకర్స్-వైట్‌కే 68 శాతం, తర్వాతి ఎంగెలుండ్-హాన్సెన్‌కు 63 శాతం. అంటే మంచి సూత్రం కూడా మూడింట ఒకసారి సగం నుంచి రెట్టింపు అనే విశాలమైన హద్దును కూడా దాటిపోయింది. గులకరాళ్ల నదుల మీద 1989లో గోమెజ్, చర్చ్ 12 సూత్రాలను చూసి ఇంతకంటే నిరాశగానే తేల్చారు.

కాబట్టి మీ రేణువుల సైజుకు, వాలుకు, లోతుకు వర్తించే రెండు మూడు సూత్రాలు తీసుకోండి. మీ గేజ్ దగ్గర కొలతలుంటే ప్రతిదానికీ లెక్క, కొలత నిష్పత్తి వేసి, లాగ్ గ్రాఫ్ మీద చూడండి. సగటు నిష్పత్తి ఒక్కటే చూడకండి. తక్కువ ప్రవాహంలో ఎక్కువ, ఎక్కువ ప్రవాహంలో తక్కువ చూపించే సూత్రానికి సగటు 1 రావచ్చు. దాంతో వరదను లెక్కించడం ప్రమాదం.

6. పైనుంచి వచ్చే ఒండ్రు లెక్క

మోడల్ ఎంత బాగున్నా పైనుంచి ఎంత వస్తుందో తప్పుగా ఇస్తే అంతా తప్పే. సీడబ్ల్యూసీ (కేంద్ర జల సంఘం) గేజ్ స్టేషన్లలో ఒండ్రును మూడు రకాలుగా విడదీసి ఇస్తారు: 0.2 మి.మీ. పైన ముతక, 0.075 నుంచి 0.2 దాకా మధ్యస్థం, 0.075 లోపు సన్నం. ఈ విభజన మీకు వరం. సన్నం ఎంత వస్తుందన్నది నది శక్తిని బట్టి కాకుండా పైన నేల ఎంత కోసుకుపోయిందన్న దాన్ని బట్టి ఉంటుంది. సూత్రాలేవీ దాన్ని చెప్పలేవు. కాబట్టి సూత్రం ఇచ్చిన అంకెను మొత్తం సస్పెండెడ్ లోడ్‌తో (నీటిలో తేలుతూ పోయే ఒండ్రుతో) పోల్చకుండా, సన్నం తీసేసి ముతక, మధ్యస్థంతో పోల్చండి. అడుగున దొర్లే ఇసుకను ఈ కొలతల్లో పట్టుకోరన్నది కూడా మరవకండి.

ప్రవాహానికి, ఒండ్రుకు గీసే రేటింగ్ కర్వ్‌లో మూడు చోట్ల జాగ్రత్త కావాలి.

లాగ్ గ్రాఫ్ మీద గీత వేసి తిరిగి మామూలు టన్నుల్లోకి మారిస్తే మొత్తం తక్కువ వస్తుంది. 1986లో ఫెర్గూసన్ ఈ తప్పు 50 శాతం దాకా ఉండొచ్చని చూపించాడు. సహజ లాగ్‌లో గీత చుట్టూ బిందువుల చెదురు (స్టాండర్డ్ డీవియేషన్) 0.8 అయితే మొత్తాన్ని 1.38తో గుణించాలి. స్ప్రెడ్‌షీట్ ట్రెండ్‌లైన్ ఈ పని తనంతట తాను చేయదు.

రోజు సగటు ప్రవాహం వాడితే కూడా తగ్గుతుంది. ఒండ్రు ప్రవాహం వర్గంతో పెరుగుతుందనుకోండి. సగం రోజు 2 లక్షల క్యూసెక్కులు, సగం రోజు 8 లక్షలు వస్తే, సగటు 5 లక్షలతో వేసిన లెక్క కంటే నిజంగా వచ్చే ఒండ్రు 36 శాతం ఎక్కువ. వరద రోజులకు గంటల లెక్క సంపాదించండి.

మూడోది కాలం. తొలకరి వరదలో ఎర్రగా వచ్చే నీళ్లలో ఉన్నంత మట్టి, అదే ప్రవాహంతో అక్టోబరులో వచ్చే నీళ్లలో ఉండదు. పైరు లేచి నేల కప్పుకుని ఉంటుంది, వదులు మట్టి అప్పటికే కొట్టుకుపోయి ఉంటుంది. జూన్-జులైకి ఒక గీత, తర్వాతి నెలలకు ఒక గీత వేయండి. దశాబ్దాల మధ్య కూడా ఇంతే. గోదావరిపై పోలవరం దగ్గర 1970లలో ఏటా సగటున 15 కోట్ల టన్నులున్న సస్పెండెడ్ లోడ్ 2000 తర్వాతి ఏళ్లలో 6 కోట్ల లోపుకు పడిపోయింది. పైన కట్టిన డ్యాములు ఆపేశాయి. 1970ల రేటింగ్ కర్వ్‌తో ఇప్పటి డెల్టాకు ఎంత ఒండ్రు చేరుతుందో లెక్కిస్తే తీరం పెరగాల్సి వస్తుంది. అక్కడ నిజంగా జరుగుతున్నది కోత.

7. మీ కొలతలను కూడా పరీక్షించండి

ఇది అన్నిటికంటే సున్నితమైన విషయం. తుంగభద్ర జలాశయం 1953లో దాదాపు 133 టీఎంసీలు. 2008 సర్వేలో 100.86 వచ్చింది. 2016 సర్వేలో 105.79 వచ్చింది. ఎనిమిదేళ్లలో జలాశయం ఐదు టీఎంసీలు పెరిగిందని అనుకోవడానికి లేదు. పాత పూడిక కొంత అణిగి ఉండొచ్చు కానీ ఈ తేడాలో పెద్ద భాగం కొలిచే పద్ధతిదే అయి ఉంటుంది. 1953 నుంచి 2016 దాకా సగటు వేస్తే ఏటా 0.43 టీఎంసీ పూడింది. అంటే ఈ రెండు సర్వేల మధ్య తేడా పదకొండేళ్ల పూడికకు సమానం.

ఇప్పుడు ఒకరు 2008 అంకెతో, మరొకరు 2016 అంకెతో తమ మోడల్‌ను కాలిబ్రేట్ చేశారనుకోండి, అంటే కొలతలకు సరిపోయేలా విలువలు సర్దారనుకోండి. ఇద్దరికీ చక్కగా సరిపోతుంది. ఇద్దరూ వేర్వేరు భవిష్యత్తులు చెబుతారు. అందుకే కాలిబ్రేషన్‌కు ముందే ప్రతి సర్వేకూ ఎంత తప్పు ఉండొచ్చో రాసుకోండి: ఏ బెంచ్ మార్క్ నుంచి కొలిచారు, సెక్షన్ల మధ్య ఎంత దూరం, పడవలోంచి ఎకో సౌండర్‌తోనా, నీళ్లు తగ్గాక నేల మీదా, శాటిలైట్‌తోనా. శాటిలైట్ సర్వే నీటి అంచు కదిలిన మట్టాల మధ్యే కొలవగలదు, ఎప్పుడూ నీళ్లలో ఉండే భాగం దానికి కనిపించదు. రెండు సర్వేల మధ్య అడుగు మారిన ఎత్తు, సర్వే తప్పు కంటే తక్కువైతే ఆ మార్పుతో మోడల్‌ను పరీక్షించలేరు. ఇంకా పాత సర్వే వెతకండి, లేదా ఆగండి.

రేణువుల నమూనా విషయంలోనూ అంతే. ఎండాకాలంలో దిగగలిగిన ఇసుక తిన్నె మీద తీసిన నమూనా నదికంతటికీ ప్రతినిధి కాదు. లోతైన పాయలో పైపొర ముతకగా, దాని కింద సన్నంగా ఉండొచ్చు. పైపొరను, కింది పొరను విడివిడిగా తీయండి.

8. కాలిబ్రేషన్ ఒక కాలానికి, పరీక్ష ఇంకో కాలానికి

చేతిలో ఉన్న సర్వేలన్నీ కాలిబ్రేషన్‌కే వాడేయకండి. ఒక కాలాన్ని పక్కన పెట్టి, దాన్ని చూడకుండా మోడల్‌ను సరిచేసి, తర్వాత ఆ కాలంతో పరీక్షించండి. వీలైతే రెండు కాలాల స్వభావం వేరుగా ఉండాలి. మామూలు ఏళ్లతో సరిచేసి, 2009 అక్టోబరు లాంటి ఏడాదితో పరీక్షించండి. అప్పుడు శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. అలాంటి కొన్ని రోజులు ఎన్నో ఏళ్ల పనిని చేసేస్తాయి. వాటిని మోయలేని మోడల్ 30 ఏళ్ల జోస్యం చెప్పకూడదు.

సరిపోయిందా లేదా అన్నదానికి కంటిచూపు చాలదు. "అడుగు ఏమీ మారలేదు" అన్న అంచనా కంటే మీ మోడల్ ఎంత మెరుగో లెక్కించండి. దాన్ని బ్రయర్ స్కిల్ స్కోర్ అంటారు. ఉదాహరణకు నాలుగు సెక్షన్లలో కొలిచిన మార్పు +0.5, −0.3, 0, +0.8 మీటర్లు. మోడల్ చెప్పింది +0.3, −0.1, +0.2, +0.5. మోడల్ తప్పుల వర్గాల మొత్తం 0.21. ఏమీ మారలేదన్న అంచనా తప్పుల వర్గాల మొత్తం 0.98. మొదటిదాన్ని రెండోదానితో భాగించి 1లోంచి తీసేస్తే 0.79. ఇది చాలా మంచి స్కోరు. సున్నా వస్తే మీ మోడల్ ఉన్నా లేకపోయినా ఒకటే. నెగటివ్ వస్తే మోడల్ లేకుండా ఉండటమే మేలు. నీటి మట్టాల గ్రాఫ్ అద్భుతంగా ఉండి ఈ స్కోరు నెగటివ్ రావడం అరుదేమీ కాదు. అలాంటప్పుడు టెన్షన్ పడి ఇంకో గుణకం మార్చేయకండి. తప్పు ఏ సెక్షన్లలో ఉందో మ్యాపు మీద గుర్తు పెట్టండి. అవన్నీ వంపుల దగ్గరో, ఒక వాగు కలిసే చోటో, ఇసుక రీచ్ దగ్గరో ఉంటే కారణం దొరికినట్టే.

9. విలువలు మార్చి మళ్లీ నడపండి

కదలిక హద్దు, మానింగ్ గుణకం, పైనుంచి వచ్చే ఒండ్రు, పైపొర మందం, రేణువుల సైజు, సాంద్రత. వీటిలో ప్రతిదాన్నీ నమ్మదగ్గ హద్దుల మధ్య తక్కువ, ఎక్కువ చేసి నడపండి. ముందు ఒక్కొక్కటిగా, తర్వాత కలిపి. జవాబును ఎక్కువగా కదిలించేవి సాధారణంగా రెండు మూడే ఉంటాయి. కొత్త కొలతలకు డబ్బు దొరికితే వాటి మీదే ఖర్చు పెట్టమని చెప్పండి.

10. మోడల్ నోరు మెదపకూడని చోట్లు

ఒక డైమెన్షన్ మోడల్‌కు నది వంపు తెలియదు. వంపు బయటి ఒడ్డు కోసుకుపోవడం, లోపలి వైపు మేట వేయడం అది సెక్షన్ సగటుగానే చూస్తుంది. ఒక లంక రైతు తన పొలం ఉంటుందా పోతుందా అని అడిగితే ఆ మోడల్‌తో జవాబు చెప్పకండి. వంతెన స్తంభం చుట్టూ పడే గొయ్యికి వేరే లెక్కలున్నాయి. బంకమట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని ముద్దలై పడతాయి, అణిగాక గట్టిపడి లేవనంటాయి. ఇసుక సూత్రాలు వాటికి వర్తించవు, ఆ నదిలోని మట్టితోనే ప్రయోగశాలలో కొలవాలి. వరద తగ్గాక ఒడ్డు విరిగి పడటం, చెట్లూ తుంగా మొలిచి మేటను పట్టి ఉంచడం, రాత్రిపూట ట్రాక్టర్లలో పోయే ఇసుక కూడా మోడల్‌లో ఉండవు.

నది దారి మార్చుకోవడం వీటన్నిటికంటే పెద్ద పరిమితి. 2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా దగ్గర కోసీ కరకట్ట తెగినప్పుడు ప్రవాహం సుమారు 1.44 లక్షల క్యూసెక్కులే. ఆ నది మీది కట్టడాలను 9.5 లక్షల క్యూసెక్కులకు రూపొందించారు. కట్టల మధ్య ఏళ్ల తరబడి మేట వేసి, నది కట్ట పక్కకు చేరి కోసింది. తెగాక బిహార్‌లో లక్షల మంది నిలువ నీడ లేకుండా అయ్యారు. కట్టలు కదలవని ముందే ఒప్పుకున్న మోడల్‌కు అలాంటి జవాబు పుట్టే వీలే లేదు. అడుగు లేచే వేగం వరకు అది చెప్పగలదు. కట్ట ఎక్కడ బలహీనంగా ఉందో, నది ఏ పక్కకు ఒరుగుతోందో నడిచి చూసి, ఆ ఒడ్డున ఉండేవాళ్లను అడిగి తెలుసుకోవాలి.

11. ఫలితాన్ని రాసే పద్ధతి

"2050 నాటికి అడుగు 1.37 మీటర్లు లేస్తుంది" అని రాయకండి. "0.7 నుంచి 2.2 మీటర్లు లేవొచ్చు, ఈ తేడాలో ఎక్కువ భాగం పైనుంచి వచ్చే ఒండ్రు సరిగా తెలియకపోవడం వల్ల" అన్న తీరులో రాయండి. పై అధికారి ఒక్క అంకె చెప్పమంటే, డిజైన్‌కు ప్రమాదకరమైన కొస ఏదో అది ఇచ్చి, కారణం రాయండి. కరకట్టకు పై అంకె, వంతెన పునాదికి కోత ఎక్కువున్న అంకె.

రెండు ప్రత్యామ్నాయాలను పోల్చేటప్పుడు మోడల్‌ను ఇంకొంచెం ఎక్కువ నమ్మొచ్చు. గేట్లు జులైలోనే తెరిస్తే మంచిదా, సెప్టెంబరులోనా అన్న ప్రశ్నకు రెండు రన్లలోనూ ఉన్న తప్పులు చాలావరకు ఒకేలా ఉంటాయి. అయినా ప్రతి సూత్రంతో, ప్రతి ఒండ్రు అంచనాతో అదే ప్రత్యామ్నాయం గెలుస్తుందో లేదో చూడండి. సూత్రం మారితే గెలుపు మారుతోందంటే, "ఈ మోడల్ తేల్చలేదు" అని నివేదికలో స్పష్టంగా రాయండి. ఆ వాక్యం రాసే ధైర్యం మీకు ఉండాలి, ఎందుకంటే ఆ నివేదిక చదివేవారిలో చాలామందికి లోపలి లెక్కలు చూసే వీలుండదు.

ఇన్‌పుట్ ఫైళ్లు, సాఫ్ట్‌వేర్ వెర్షన్, ఏ సర్వే ఎప్పటిది, ఏ సూత్రంలో ఏ గుణకాన్ని ఎందుకు మార్చారు, ఏ పరీక్షలో మోడల్ తప్పింది అన్నవన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి అప్పగించండి. తర్వాతి సర్వే ఏ ఏడాది జరగాలో, ఎంత తేడా కనిపిస్తే మోడల్‌ను పక్కన పెట్టాలో కూడా అందులో రాయండి. ఆ సర్వేను అవే క్రాస్ సెక్షన్ల మీద, అదే బెంచ్ మార్క్ నుంచి, అదే పద్ధతిలో చేయించమని అడగండి. పద్ధతి మార్చక తప్పకపోతే ఒక ఏడాది పాతదీ కొత్తదీ రెండూ చేయించాలి.